ఆకురాయి ముంచని రోజు

జూన్ 18

బాబాయికి,

ఫోను చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ" అంటూ పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు. అందుకే రాస్తున్నాను. కుశలప్రశ్నలు లేవు. ఇక్కడ ఎవరూ కుశలంగా లేరు.

నువ్వు పద్నాలుగో తారీకున మా లాయానికి వచ్చి గుర్రాలకు నాడాలు కొట్టి వెళ్ళావు. పదిహేనున పొద్దున బూడిదమ్మ దాణా తొట్టిలో మూతి పెట్టి వెంటనే తీసేసింది. నోరు తెరిచి చూశాను. నాలుక మీద బొబ్బలు, పెదవి లోపల తోలు ఊడి ఎర్రటి పుండు, చొంగ తాడులా కారుతోంది. పదహారున ఇంకో మూడు గుర్రాలు. ఇవాళ్టికి తొమ్మిది. మూతి మీద, చెవుల్లో పొక్కులు. బూడిదమ్మకైతే తోలూ గిట్టా కలిసే చోట కూడా పగిలింది. కాలు ఆనించలేక ఒంటికాలి మీద జపం చేస్తున్నట్టు నిలబడుతోంది.

డాక్టరమ్మ వచ్చి చూసింది. "ఇది వైరస్. ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. గేటు మూసెయ్యండి" అంది. మేనేజరు మమ్మల్నందరినీ నిలబెట్టి, ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పమన్నాడు. అందరూ నేల చూపులు చూశారు. నేను చూడలేదు. "పది లాయాలు తిరిగి ఇక్కడికి వచ్చే మనిషి ఒక్కడే. మా బాబాయి" అన్నాను.

నువ్వు దుర్వాసుడికి నాడాలు కొట్టి లేచి, గిట్టలు అరగదీసే ఆకురాయిని మందు బకెట్లో ముంచకుండా నేరుగా బూడిదమ్మ కాలు పట్టుకున్నావు. నేను చూశాను. నాకు పద్నాలుగేళ్ళప్పుడు లాయంలో అడుగుపెట్టనిచ్చి, పనిముట్టు కడగనివాడు పనివాడే కాదని చెప్పింది ఎవరు? నువ్వు కాదూ?

వచ్చే నెల ప్రదర్శన కోసం వాటిని అద్దంలా తయారుచేశాను. నెలరోజుల చాకిరీ. ఇప్పుడు ఆ అద్దాల మూతులకు రోజుకు మూడుసార్లు మందు పూస్తున్నాను. సమాధానం రాయి. సాకులు రాయకు.

నీ అన్న కూతురు

జూన్ 22

అమ్మడూ,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నీ కోపం పక్కన పెడితే నీ రాత బాగా కుదురుకుంది, ఇదివరకు కోడి గెలికినట్టుండేది.

నా మోకాలు అంతంత మాత్రమే. కూర్చుంటే లేవనివ్వదు, లేస్తే కూర్చోనివ్వదు, పాతకాలపు అత్తగారిలా సాధిస్తోంది. సరే, అది కాదు నువ్వు అడిగింది.

ఆ రోజు ఆకురాయి ముంచని మాట నిజం. బకెట్లో నీళ్ళ మీద చిన్న చిన్న నల్ల ఈగలు తేలుతున్నాయి. ఆ నీళ్ళు పాడయ్యాయనుకుని ముంచకుండా గుడ్డతో తుడిచాను. మార్చమని నిన్ను అడగాల్సింది. నువ్వు గుర్రాల ముస్తాబులో తలమునకలై ఉన్నావు. పిలిస్తే కసురుకుంటావని ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళ పనిలో ఒక్కరోజు బద్ధకించాను.

తప్పు నాదే. ఆ జబ్బు నా చేతులతోనే పాకి ఉంటుంది.

బూడిదమ్మకు మెత్తటి తవుడు నీళ్ళలో కలిపి చల్లగా పెట్టు. బలవంతం చెయ్యకు. కాలి కింద మందంగా ఎండుగడ్డి పరుచు. నేను వచ్చి చూసేవాణ్ణే, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రాను?

బాబాయి

జూన్ 27

బాబాయికి,

ఒప్పుకున్నావు. అంతవరకు మంచిది. ఈగల సంగతి మాత్రం రాయకుండా ఉండాల్సింది. లాయమన్నాక ఈగలుండవా? నీళ్ళలో ఈగ పడితే పనిముట్టు కడగనక్కర్లేదని ఏ శాస్త్రంలో ఉంది?

లెక్క పదికి చేరింది. మొత్తం పదకొండు గుర్రాల్లో దుర్వాసుడొక్కడే మిగిలాడు. వాడి దగ్గరికి పోవాలంటే వైరస్ కూడా భయపడుతుంది కాబోలు.

నేను చేసిన పని నువ్వు ఎవరి నోటో వినేముందు నేనే చెబుతున్నాను. నువ్వు తిరిగే మిగతా తొమ్మిది లాయాల్లోనూ గుర్రాలున్నాయి. వాటికి నోరు లేదు. అందుకని నీ ఉత్తరంలో "ముప్పై ఏళ్ళ పనిలో" నుంచి "పాకి ఉంటుంది" దాకా ఉన్న ముక్క జిరాక్స్ తీయించి, తొమ్మిది గేట్లకూ వెళ్ళి ఇచ్చాను. కొన్నిచోట్ల నేనే మేకు కొట్టి తగిలించాను. మేనేజరు చెప్పి చేయించలేదు. నా అంతట నేనే చేశాను.

మా ఇంటి మనిషని దాస్తే నాకూ మా లాయం గుమాస్తాలకూ తేడా ఏముంది? వాళ్ళు రిజిస్టర్లో తప్పులు కప్పెడతారు. నేను కప్పెట్టను. నువ్వు నేర్పిన పనే ఇది. ఆలోచిస్తే నీకే అర్థమవుతుంది.

డాక్టరమ్మ చెప్పిందాకా గుర్రాల దగ్గరికి రాకు.

నీ అన్న కూతురు

జూలై 6

అమ్మడూ,

చిరునామా మారింది, కవరు వెనక చూడు. మీ అత్త ఇంట్లో ఉంటున్నాను. ఇది మెట్ల కింది గది, తల ఎత్తితే దూలం తగులుతుంది. మీ అత్త రోజుకోసారి "తల జాగ్రత్తరా" అంటుంది, సరిగ్గా తగిలిన తర్వాత.

పక్క వీధిలో ఇనపగేట్లు చేసే షాపులో పని దొరికింది. గేటుకు నాలుగు కాళ్ళుండవు, తన్నదు, నొప్పి పుట్టినా చెప్పదు. పని తేలికే. సాయంత్రమయ్యేసరికి మాట్లాడటానికి ఏమీ మిగలదు, అంతే తేడా.

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. దానికంటే ముందే నేను మూడో లాయానికి పనికి వెళ్ళాను. కాపలా మనిషి గేటు తియ్యకుండా మేకుకున్న కాగితం చూపించాడు. నా రాతే. చదువుకున్నాను. "మీ దస్తూరీ బాగుందండీ" అన్నాడు పాపం. ఇంకేమనాలో తెలియక కాబోలు. నేనూ "ఆఁ, చిన్నప్పుడు పంతులు కొట్టి నేర్పించాడు" అన్నాను. ఇద్దరం కాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. తర్వాత బండి తిప్పుకుని వచ్చేశాను.

నువ్వు చేసింది తప్పని అనను. గుర్రాలకు నోరు లేదన్నావు, నిజమే.

చేతులు మాత్రం ఊరికే కడగాలనిపిస్తోంది. షాపులో వాళ్ళు నవ్వుతున్నారు. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోతోంది, మీ అత్త నూనె రాస్తోంది. ఆకురాయిని పాతసామాన్ల వాడికి ఇచ్చేశాను. మిగతావి అటక మీద పెట్టాను.

నీ ఉత్తరంలో బూడిదమ్మ గురించి ఒక్క ముక్క లేదు. పోయిందా? పోతే పోయిందని రాయి. తెలియకపోతే రోజుకోసారి పోతోంది నా మనసులో.

బాబాయి

జూలై 17

గౌరవనీయులైన బాబాయి గారికి,

నమస్కారం. మీ ఆరోగ్యం ఎలా ఉంది? అత్తయ్య కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఎండలు కొంచెం తగ్గాయి.

బూడిదమ్మ బతికే ఉంది. నోటి పుండ్లు మానుతున్నాయి. మిగతా గుర్రాలన్నీ కోలుకుంటున్నాయి.

మీకు ఒక సంగతి తెలియజేయాలి. జబ్బు మీ వల్ల రాలేదు. డాక్టరమ్మ లాయంలో రెండుచోట్ల సన్నటి వల సంచులు కట్టించింది. మర్నాటికి వాటి నిండా ఈగలు. ఆవగింజంత ఉంటాయి, నల్లగా, వీపు గూనిగా ఉంటుంది. మావాళ్ళు గూని ఈగలంటున్నారు. పారే నీళ్ళలో పుడతాయట. మా కాలువ గట్టు పచ్చికలో గుర్రాల్ని వదిలితే పొద్దున్నా సాయంత్రమూ మీద వాలి కుడతాయి. దోమలాగా సూదితో పొడవవు, తోలును కోసి ఆ రక్తం నాకుతాయి. వైరస్ ఉన్న జంతువును కుట్టి వచ్చిన ఈగ ఇంకో జంతువును కుడితే దానికి అంటుకుంటుంది. సంచిలో ఈగల్ని పరీక్షకు పంపితే వాటిలో ఆ వైరస్ ఉందని తేలింది.

ఒకసారి మొదలయ్యాక బకెట్ల వల్ల, కళ్ళేల వల్ల, చేతుల వల్ల కూడా పాకుతుందట. కానీ మొదలు అలా కాలేదు. ఒంట్లోకి వెళ్ళాక బొబ్బ లేవడానికి కనీసం రెండు మూడు రోజులు పడుతుంది. మీరు వచ్చింది పద్నాలుగున. బొబ్బలు కనపడింది పదిహేనున. అంటే మీరు గేటు లోపలికి రాకముందే జబ్బు లోపల ఉంది.

కనుక మీరు ఏమీ మనసులో పెట్టుకోకుండా పనికి తిరిగి రావలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ అన్న కూతురు

జూలై 24

అమ్మడూ,

నాకు నువ్వు "గారు" పెట్టి రాసిన ఉత్తరం ఇదే మొదటిది. మీ అత్తకు చదివి వినిపిస్తే, "ఇది దాని రాతేనా, ఎవరైనా పోలీసాయన పక్కన నిలబడి రాయించాడా?" అంది.

నువ్వు తిడితే నిజం చెబుతున్నట్టు. మర్యాద చేశావంటే ఏదో దాస్తున్నట్టు. చిన్నప్పుడు పలక పగలగొట్టిన రోజు నాకు కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళు తెచ్చి ఇచ్చావు, నాకు గుర్తే.

బూడిదమ్మ పోయిందని అర్థమైంది. నన్ను ఊరడించడానికి ఈగల కథ అల్లావు. పనిలో ముప్పై ఏళ్ళున్నాను, ఈగ కుడితే దద్దురు లేవడం చూశాను, గుర్రం నాలుక మీద తోలు ఊడిపోవడం చూడలేదు. జాలిపడి అబద్ధాలు రాయకు. నీకు అబద్ధం చేతకాదు, నేర్చుకోకు కూడా.

నేను బాగానే ఉన్నాను. నిన్న షాపు ముందు బండి గుర్రం ఒకటి ఆగింది. కుడి ముందుకాలు నాడా వదులై టకటకలాడుతోంది. బండివాడు "మీరు నాడాల పని చేసేవారట కదా, ఒక్క మేకు కొట్టండి" అన్నాడు. నాకు చేతకాదని చెప్పి లోపలికి పోయాను. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినపడింది.

బాబాయి

జూలై 30

బాబాయ్,

నువ్వు చెప్పింది సగం నిజం. దాచాను. కానీ నువ్వనుకున్నది కాదు దాచింది.

బూడిదమ్మ బతికే ఉంది. ఈగల మాట నిజం, డాక్టరమ్మ చేత రాయించిన కాగితం ఇందులో పెడుతున్నాను. నేను రాయనిది ఇది. ప్రదర్శన కోసం జూన్ ఎనిమిదిన పది గుర్రాల చెవుల్లోని వెంట్రుకలు మిషన్‌తో నున్నగా తీసేశాను. పెద్ద పెద్ద లాయాల ఫోటోల్లో చూశాను, లోపల ఒక్క పోగు లేకుండా గులాబీ రంగులో మెరుస్తుంటాయి. నావీ అలాగే మెరవాలనుకున్నాను. తర్వాత ఎండకు ఉక్కపోస్తోందని సాయంత్రం పూట కాలువ గట్టు పచ్చికకు వదిలాను. ఈగలకు విందు భోజనం పెట్టింది నేను.

డాక్టరమ్మ ఒక్కో చెవి పట్టుకుని కాట్లు లెక్కపెట్టింది. లోపల నెత్తురు చుక్కలు, మిరపగింజలు చల్లినట్టు. "ఈ వెంట్రుకలు ఎవరు తీశారు?" అంది. నేనే అన్నాను. "ఎందుకుంటాయో తెలుసా?" అంది. తెలియదు. దుమ్మూ ఈగా లోపలికి పోకుండా గుర్రానికి పుట్టుకతో వచ్చిన తెర అట. "ఉంటే జబ్బు రాదని కాదు, ఇన్ని కాట్లు పడేవి కావు" అంది. దుర్వాసుడు నన్ను చెవి ముట్టుకోనివ్వలేదు. మిషన్ చప్పుడుకే నా భుజం కొరికాడు. వాడి చెవులు గుబురుగా అలాగే ఉన్నాయి, వాడికి ఏమీ కాలేదు. నీ ఆకురాయి ముందు తగిలింది వాడి గిట్టలకే బాబాయ్. నీ ఆకురాయిలో జబ్బుంటే ముందు వాడు పడాలి కదా. ఈ మాత్రం లెక్క నాకు జూన్‌లోనే తట్టాలి. తట్టలేదు, ఎందుకంటే నేను వెతకలేదు. మనిషి దొరికాడు, చాలనుకున్నాను.

పుస్తకాలు కొనుక్కుని చదివి నేర్చుకున్నానని నాకు పొగరు. చెవిలో వెంట్రుకలు ఎందుకున్నాయో ఏ పుస్తకంలోనూ లేకపోతే నిన్ను అడగొచ్చు. అడిగితే నాకు తెలియదని నీకు తెలిసిపోతుంది. అందుకని అడగలేదు. నువ్వేమో బకెట్లో ఈగలున్నాయని రాశావు. జవాబు నా చేతిలో పెట్టావు. సాకని విసిరికొట్టాను.

ఇదంతా పదిహేడున ఆ "గారు" ఉత్తరం రాసేనాటికే తెలుసు. నీ పేరు బాగుచేసి, నా పేరు చెడకుండా చూసుకుందామనుకున్నాను. గుమాస్తాలను తిట్టాను గుర్తుందా, నేను వాళ్ళకంటే నేర్పుగా కప్పెట్టాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు, ఆ బండి గుర్రం ముక్క చదివాక, అన్నం ముందు కూర్చోలేకపోయాను. మర్నాడు సెలవు పెట్టి తొమ్మిది గేట్లకూ నడిచాను. నీ కాగితాలు పీకి, జరిగింది నా రాతతో రాసి, కింద సంతకం చేసి తగిలించాను. మొదటి గేటు దగ్గర కాపలా మనిషి, "పోయిన నెల ఇది పెట్టింది నువ్వే కదమ్మా?" అన్నాడు.

"నేనే."

"తీసేది కూడా నువ్వేనా?"

"నేనే."

"వచ్చే నెల ఇంకేమైనా పెడతావా? చెబితే మేకు అలాగే ఉంచుతాను."

నవ్వలేదు నేను. అతనూ నవ్వలేదు.

ఏడు లాయాలవాళ్ళు నువ్వు రావచ్చన్నారు. రెండు లాయాలవాళ్ళు ఒప్పుకోలేదు. ఒకాయన నా కాగితం అంతా చదివి, "ఈగ తెచ్చిందో మీ బాబాయి తెచ్చాడో, మాకెందుకమ్మా అనుమానం? ఇంకొకణ్ణి పెట్టుకున్నాం" అన్నాడు. గంటసేపు వాదించాను, తిట్టాను కూడా. లాభం లేదు. నేను ఒక్క పూటలో చెరిపింది నాకే తిరిగి రాయడం చేతకాలేదు. ఆ రెండూ నీకు పోయినట్టే. అది నా వల్ల.

మేనేజరు నన్ను రేపటినుంచి రావద్దన్నాడు. న్యాయమే. వాదించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. బూడిదమ్మకు నోరు మానింది గానీ, పుండు పడిన చోటు నుంచి గిట్ట పగులు కిందికి దిగుతోంది. కొత్తగా పెట్టుకున్న నాడాల మనిషి చెక్కుతుంటే నెత్తురొచ్చింది. అప్పట్నుంచి మనిషిని చూస్తేనే వెనక్కి పోతోంది. గిట్ట విడిపోతే ఇక నిలబడదు, నిలబడకపోతే ఏం చేస్తారో నీకు తెలుసు. డాక్టరమ్మ రెండు వారాలు గడువిచ్చింది. "చేయి తిరిగినవాడు కావాలి" అంది. నేను నీ పేరు చెప్పాను. ఈసారి మేనేజరు కూడా తలూపాడు.

నిన్ను రమ్మనే అర్హత నాకు లేదు. అందుకని ఆయన చేతే రాయించాను, ఆ కాగితం కూడా ఇందులో ఉంది. నువ్వు వచ్చే రోజు నేను ఆ చుట్టుపక్కల ఉండను. నన్ను చూస్తే మొహమాటానికి నవ్వుతావు. ఆ నవ్వు చూసే ధైర్యం లేదు నాకు.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు.

నీ అన్న కూతురు

ఆగస్టు 11

అమ్మడూ,

నాలుగున వెళ్ళాను. అటక మీంచి సామాను దించాను, ఆకురాయి కొత్తది కొన్నాను. గేటు దాటగానే మందు బకెట్ దగ్గర ఆగాను. చేతులు మూడుసార్లు మందులో ముంచాను. డాక్టరమ్మ చూసి, "చాలండీ, ఇంకా ముంచితే మీకు వైద్యం చెయ్యాలి" అంది.

బూడిదమ్మ మొదట కాలు ఇవ్వలేదు. నేనూ అడగలేదు. పక్కన గడ్డి మీద కూర్చున్నాను. అరగంటకు అదే వచ్చి నా టోపీ లాగింది. పగులుకు అడ్డంగా చిన్న గాడి తీశాను, ఇక కిందికి దిగదు. కింది అంచు తగ్గించి, బరువు ఆ చోట పడకుండా వెనక అడ్డపట్టీ ఉన్న నాడా వేశాను. మొన్న మళ్ళీ వెళ్ళి చూశాను. నాలుగు కాళ్ళ మీదా నిలబడి మేస్తోంది. గిట్ట కొత్తగా దిగడానికి ఏడాది పడుతుంది, ఆరువారాలకోసారి చెక్కాలి.

ఇక నీ సంగతి.

నేను క్షమించేస్తానని రాశావు. అలా అనుకునే ఇన్నాళ్ళూ నాతో ఎలా పడితే అలా మాట్లాడావు. చెవుల సంగతి తప్పే, తెలియక చేసినది. బొబ్బల సంగతిలో నన్ను అనుమానించావు, అనుమానించదగ్గ పనే నేను చేశాను. అది కూడా పోనీ. కానీ ఆ ఉత్తరం నీకు రాశాను. గేటుకు రాయలేదు. నా అన్న కూతురు అడిగిందని, ఇంకెవరి దగ్గరా ఒప్పుకోని మాట నీ దగ్గర ఒప్పుకున్నాను. దాన్ని కత్తిరించి మేకు కొట్టావు. నువ్వు చెప్పావు కాబట్టి నేనే జబ్బునని నమ్మి, నలభై రోజులు నా చేతుల్ని నేనే చూడలేకపోయాను. నాకు కోపంగా ఉంది. ముందు కూడా ఉండేదేమో, చేతులు కడగడంలో తెలియలేదు. ఇప్పుడు బాగా తెలుస్తోంది.

ఇంకా రాద్దామని నాలుగు కాగితాలు పాడుచేశాను. ఉత్తరంలో తిట్టడం నాకు చేతకాదు. తిట్టు రాసి, దాని పక్కన ఎలా ఉన్నావని రాస్తున్నాను.

గేట్ల షాపు మానేశాను. సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఐదో లాయంలో ఆరు గుర్రాలున్నాయి. మోకాలు వంగడం లేదు, కాలు ఎత్తి పట్టేవాళ్ళు కావాలి. నువ్వు వచ్చి నా ఎదురుగా నిలబడు. పని చేసుకుంటూ తిడతాను. నువ్వు అడ్డం మాట్లాడకూడదు. ఆరు గుర్రాలకు సరిపోకపోతే మంగళవారం కూడా రావాలి.

బాబాయి